సర్కారు తాళం

ఊట పులియబెట్టే తొట్టిలోంచి ఆమె మొగుణ్ణి బయటికి లాగేసరికి మధ్యాహ్నం మూడైంది. నడుముకి తాడు బిగించి, చంకల కింద కొక్కేలు తగిలించి, నలుగురు మనుషులు లాగితే గానీ పైకి రాలేదు. ఒంటినిండా పుల్లటి నురగ. గేటు దగ్గర పడుకోబెట్టేలోపే ఎండకి అది ఎండిపోయి చర్మం మీద పెచ్చులు కట్టింది. సారా తయారుచేసే ఆ కర్మాగారంలో ప్రభుత్వం తరఫున తాళాలు కాసే గార్డు అతను. "తాగి తూలాడు, తొట్టిలో పడ్డాడు" అన్నాడు మేనేజరు. పోలీసులు అదే రాసుకున్నారు. ఆసుపత్రిలో కోసి చూసిన డాక్టరు, ఊపిరాడక పోయాడని రాసి, వేళ్ళకి దెబ్బలున్నాయని కింద ఒక్క ముక్క చేర్చాడు. ఆ ముక్కని ఎవరూ చదవలేదు.

ఇంటికి తెచ్చాక ఒళ్ళు కడిగింది ఆమే, అత్తగారూ. అత్తగారు తలవైపు కూర్చుని గొంతు పోయేలా ఏడుస్తూ చెంబుతో నీళ్ళు పోస్తోంది. ఆమె ఏడవడం లేదు. కడుగుతూ చేతుల దాకా వచ్చి ఆగింది. రెండు చేతుల వేళ్ళూ కణుపుల దగ్గర చితికిపోయి ఉన్నాయి. రెండు గోళ్ళు ఊడి వేలాడుతున్నాయి. ఆ చేతులు ఆమెకి తెలిసినంతగా కన్నతల్లికి కూడా తెలియవు. పదకొండేళ్ళు వాటి కింద బతికింది. ఏ వేలి ఉంగరం చెంపమీద ఎక్కడ గుచ్చుకునేదో కళ్ళు మూసుకుని చెప్పగలదు. తొట్టిలో పడ్డవాడికి వేళ్ళెందుకు నలిగాయి అనుకుంది. ఇంకో సంగతి కూడా ఆమెకి తెలుసు. అతను తాగడు. సారా మధ్య పన్నెండేళ్ళు ఉద్యోగం చేసి ఒక్క చుక్క ముట్టని మనిషి. కొట్టినప్పుడల్లా పూర్తి తెలివితోనే కొట్టాడు. తాగి కొట్టేవాడైతే కనీసం తాగుడు మీదికి తోసేసి సర్దుకునేది.

ఇవన్నీ ఎవరితోనూ అనలేదు. గుడ్డతో తుడిచి చేతులు రెండూ పక్కకి సర్దింది. లోపలెక్కడో, ఎవరికీ చూపించుకోలేని చోట, హమ్మయ్య అనుకుంది.

పెళ్ళయిన మూడో వారంలో మొదటి దెబ్బ. కారణం గుర్తులేదు, దెబ్బ మాత్రం గుర్తుంది. ఆ తర్వాత కారణాలు వెతుక్కునే శ్రమ అతను కూడా మానేశాడు. డ్యూటీ నుంచి వచ్చి బెల్టు విప్పితే అది కొక్కేనికి వెళ్తుందో తన వీపుకి వస్తుందో చివరిదాకా తెలిసేది కాదు. ఐదో నెల కడుపుతో ఉన్నప్పుడు తన్నిన తన్నుకి ఆ కడుపు నిలవలేదు. మళ్ళీ రాలేదు. ఆ రోజు అత్తగారు వంటింట్లోనే ఉంది. గిన్నెలు కొంచెం గట్టిగా చప్పుడు చేస్తూ తోముకుంది. తర్వాత వచ్చి పక్కన కూర్చుని, "వాళ్ళ నాన్నా ఇంతే. ఈ ఇంటి మగాళ్ళ చేతులు ఊరుకోవు. నువ్వే చూసుకుని మసులుకోవాలి" అంది. చెప్పి, తడిగుడ్డ తెచ్చి నేల మీది నెత్తురు తనే తుడిచింది.

అతను పోయిన నాలుగో నెలలో ఎక్సైజు శాఖ నుంచి కాగితం వచ్చింది. డ్యూటీలో చనిపోయిన ఉద్యోగి భార్యకి అదే ఉద్యోగం. అత్తగారు ఆ కాగితాన్ని విసిరికొట్టింది. "నా కొడుకు పోయిన చోటికే పోయి జీతం తెస్తావా" అని ఒకరోజంతా మాట్లాడలేదు. మర్నాడు పొద్దున తనే ఆ కాగితం మడత విప్పి, చేత్తో సాపు చేసి ఆమె ముందు పెట్టింది. "వెళ్ళు. ఇద్దరం గాలి తిని బతకలేం కదా" అంది.

కర్మాగారంలో ఆమెకి వారం తిరక్కుండానే వెనకాల తాళాలమ్మ అని పేరు పడింది. పేరు పెట్టడంలో తప్పులేదు, ఆమె పనే అది. బెల్లపు మడ్డిని నీళ్ళలో కలిపి తొట్లలో పులియబెడతారు. ఆ ఊటని బట్టీలో కాస్తే స్పిరిట్టు ఆవిరై, చల్లబడి, ఇనప ట్యాంకులోకి దిగుతుంది. ఆ ట్యాంకు దగ్గర్నుంచి గోదాము దాకా ప్రతి కుళాయికీ రెండు తాళాలు. ఒకదాని చెవి కర్మాగారం దగ్గర, రెండోదాని చెవి సర్కారు దగ్గర. రెండూ పడితే గానీ చుక్క కదలకూడదు. పొద్దునా సాయంత్రం కొలబద్ద దించి ఎంత లోతుందో చూడాలి, గాజు గొట్టం తేలేసి ఎంత ఘాటుందో చూడాలి, తీగ చుట్టి సీసపు సీలు నొక్కాలి. ఎక్సైజు ఇన్‌స్పెక్టరు మూడు నెలలు పక్కనుండి అన్నీ నేర్పాడు. మెత్తని మనిషి. రిటైరవడానికి ఏడాదిన్నర ఉంది. సంతకం పెట్టేముందు కళ్ళజోడు తీసేసేవాడు, చూడకుండా పెట్టానని తర్వాత చెప్పుకోవచ్చని కాబోలు.

తొట్ల దగ్గర పని నేర్పింది మాత్రం నురగతాత. ముప్పై ఏళ్ళుగా పొడుగాటి కర్రతో తొట్ల మీద నురగ విరగ్గొడుతున్న ముసలాయన. మొదటి రోజే వెలిగించిన దీపాన్ని తాడుకి కట్టి ఖాళీగా కనిపించే తొట్టిలోకి దించాడు. అంచు దాటి రెండు మూరలు దిగిందో లేదో, ఎవరో నోటితో ఊదినట్టు దీపం ఆరిపోయింది. "చూశావా తల్లీ. ఊట పులిసేటప్పుడు పుట్టే గాలి ఇది. బరువు. తొట్టిలోనే పడుకుని ఉంటుంది. దీపం ఆరిన చోట మనిషి నాలుగు ఊపిర్లు కూడా తియ్యలేడు" అన్నాడు. ఆమె తొట్టి అంచు పట్టుకుని కిందికి చూసింది. ఇనప అంచు, బెత్తెడు వెడల్పు. మనిషి చేతులకి పట్టు దొరికేటంత. చటుక్కున చేతులు తీసేసుకుంది. ముసలాయన ఆ చేతులకేసి చూసి మొహం తిప్పుకున్నాడు.

ఆ చోట గట్టిగా మాట్లాడే హక్కు ఒక్కడిదే. ఫోర్‌మన్. వెనకాల అందరూ దున్న అనేవాళ్ళు. మెడ లేదు, తల భుజాల మీద నేరుగా పెట్టినట్టుండేది. చేతిలో ఎప్పుడూ మూరెడు పొడుగు పానా. పనివాళ్ళని పేర్లతో పిలిచేవాడు కాదు, దాంతో గొట్టాన్ని కొట్టి పిలిచేవాడు. ఒకరోజు బట్టీ పనివాడొకడు కుళాయి సరిగ్గా మూయక ఊట నేలపాలు చేశాడు. దున్న వాణ్ణి గోడకి నిలబెట్టి రబ్బరు గొట్టంతో బాదడం మొదలుపెట్టాడు. రబ్బరు ఒంటిమీద పడే చప్పుడు వినగానే ఆమె భుజాలు వాటంతటవే ముడుచుకున్నాయి. ఆ చప్పుడు ఆమెకి కొత్త కాదు. పదో దెబ్బకి పనివాడి చొక్కా చిరిగింది, పన్నెండో దెబ్బకి వీపు చిట్లింది. చుట్టూ ఇరవై మంది ఉన్నారు. అందరికీ ఏదో ఒక పని గుర్తొచ్చింది.

ఆ ఇరవై మందిలో ఆమెకి తన అత్తగారు కనిపించింది, గిన్నెలు తోముకుంటూ. వెళ్ళి మధ్యలో నిలబడింది.

"పక్కకి జరగమ్మా. ఇది మా లోపలి వ్యవహారం. మీ తాళాల జోలికి మేం రావట్లేదుగా" అన్నాడు దున్న.

"ఇవాళ కొలత పట్టడానికి ఈ మనిషి నాకు కావాలి. నడుం విరిగితే ట్యాంకు నువ్వెక్కుతావా?"

లేచిన గొట్టం ఆగలేదు. ఆమె మణికట్టు మీద పడింది. "అయ్యో, తగిలిందా" అన్నాడు వాడు నవ్వు దాచుకోకుండా. ఆమె చెయ్యి తడుముకోలేదు, కళ్ళు దించుకోలేదు. దెబ్బ తిన్నాక ఎలా నిలబడాలో ఆమెకి పదకొండేళ్ళ అనుభవం ఉంది. చివరికి వాడే గొట్టం విసిరేసి వెళ్ళిపోయాడు. మణికట్టు సాయంత్రానికి వంకాయ రంగు తిరిగింది. అత్తగారు చూసి, ఎవరని అడగలేదు. ఉప్పునీళ్ళు కాచి తెచ్చింది.

ఏడాది గడిచింది. ఒకసారి వరసగా మూడు రోజులు ట్యాంకులో లోతు తేడా వచ్చింది. సాయంత్రం తాళాలు వేసి సీలు నొక్కినప్పుడు ఉన్నదానికీ పొద్దున ఉన్నదానికీ నాలుగు వేళ్ళ తేడా. సీలు సీలుగానే ఉంది. దున్నని అడిగితే, "స్పిరిట్టు కదమ్మా, గాలికి ఎగిరిపోతుంది" అన్నాడు. ఎగిరిపోయేది ఎంతో ఆమెకి తెలుసు. నాలుగు వేళ్ళు ఎగరాలంటే ట్యాంకుకి రెక్కలుండాలి. నాలుగో రోజు భోజనాల వేళ, అందరూ షెడ్డు అవతల ఉండగా, ట్యాంకు చుట్టూ నేల మీద కూర్చుని పాకుతూ వెతికింది. వెనక మూల ఒక బండ చుట్టూ సిమెంటు మిగతా చోట్ల కంటే తెల్లగా ఉంది. గడ్డపార పెట్టి లేపింది. బండ కింద బొటనవేలంత రాగి గొట్టం. ట్యాంకు అడుగు నుంచి మొదలై గోడ కిందుగా పక్క షెడ్డులోకి పోతోంది. పక్క షెడ్డులో సీసాలు కడుగుతారు. అక్కడ సర్కారు తాళం లేదు.

బండ యథాతథంగా పెట్టేసి, సాయంత్రం ఇన్‌స్పెక్టరుకి కాగితం మీద రాసి ఇచ్చింది. ఆయన చదివి కళ్ళజోడు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. నీళ్ళు నమిలాడు. "సోమవారం వచ్చి చూస్తాను. అప్పటిదాకా నోరు మెదపకు" అన్నాడు. ఆ రోజు గురువారం.

శుక్రవారం పొద్దున్నే మేనేజరు నుంచి పిలుపొచ్చింది. ఎప్పుడూ ఇస్త్రీ నలగని చొక్కా, పలచటి గొంతు. కుర్చీ తనే లాగి వేశాడు.

"మీ ఇంటి పైకప్పు కారుతోందని విన్నానమ్మా. మన మేస్త్రీని పంపిస్తాను. రెండు రోజుల్లో అయిపోతుంది."

"కారితే గిన్నె పెట్టుకుంటాం సార్."

"మీ ఆయన కూడా ఇలాగే ముక్కుసూటిగా మాట్లాడేవాడు."

"మాట్లాడితే ఏమైంది సార్?"

"ఏమవుతుందమ్మా, తాగి తొట్టిలో పడ్డాడు. మీకు తెలియనిదా." బల్ల మీద కాగితాల అంచులు సరిచేస్తూ అన్నాడు. "బండలూ అవీ మొయ్యకండి. ఆడవాళ్ళకి నడుం పట్టేస్తుంది."

ఆమె బయటికి వచ్చింది. తాను ఇన్‌స్పెక్టరుకి రాసిన కాగితం గంటల్లో ఇక్కడికి ఎలా చేరిందో ఆలోచించే ఓపిక లేదు. తొట్ల దగ్గరికి వెళ్ళి నురగతాత పక్కన నిలబడింది. "మా ఆయన ఎలా పోయాడు తాతా? నువ్వు ఆ రోజు ఇక్కడే ఉన్నావు" అంది.

ముసలాయన కర్ర తిప్పడం ఆపలేదు. ఆపితే ఎవరైనా చూస్తారని. నురగలోకి చూస్తూ చెప్పాడు.

"మీ ఆయన మంచోడని నేను చెప్పను తల్లీ. నన్నూ రెండుసార్లు కొట్టాడు. కానీ ఆ గొట్టం కనిపెట్టాడు. తన తాళం కింద నుంచి దొంగతనం జరిగితే తనని ఎదవని చేసినట్టు మండిపడ్డాడు. అందరి ముందూ మేనేజరు చెంప పగలగొట్టాడు. అదే రోజు మధ్యాహ్నం షిఫ్టు మారేటప్పుడు మేనేజరు పైన వసారాలో నిలబడి దున్నకి తల ఊపాడు. వాడు వెనకనుంచి వచ్చి తొట్టిలోకి తోశాడు. మీ ఆయన చావలేదు. రెండు చేతుల్తో అంచు పట్టుకుని వేలాడాడు. దున్న పానాతో ఒక్కో వేలూ కొట్టాడమ్మా. తొందరేం లేనట్టు, ఒకటి తర్వాత ఒకటి. ఎనిమిదో దెబ్బకి పట్టు వదిలాడు. నేను ఆ మూల, నోట్లో తువ్వాలు కుక్కుకుని ఉన్నాను."

 ఆమెకి తను కడిగిన వేళ్ళు కళ్ళ ముందు కదిలాయి. ఆశ్చర్యం ఏమిటంటే జాలి రాలేదు. కోపం వచ్చింది. ఆ చేతులంటే తనకి ఎంత అసహ్యమో, వాటిని అలా కొట్టినవాళ్ళ మీద అంతకంతా కోపం. రెండూ ఒక్కచోట ఎలా ఇమిడాయో ఆమెకే తెలియలేదు.

"పోలీసుల దగ్గర ఇదే చెప్తావా తాతా?"

"ఇన్నాళ్ళూ చెప్పలేదు. నువ్వు చెప్పమంటే చెప్తాను."

శనివారం ఆమెకి సెలవు. పదకొండు గంటలకి తలుపు కొట్టిన చప్పుడైంది. మేస్త్రీ అనుకుని అత్తగారు గడియ తీసింది. దున్న, వాడి వెనక ఇంకో ఇద్దరు. లోపలికొచ్చి తలుపు వాళ్ళే మూశారు. దున్న ఏమీ అడగలేదు, ఏమీ చెప్పలేదు. మొదటి గుద్దు కడుపులో. ఆమె ముందుకి వంగేసరికి జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. ఇంకొకడు ఎడమచెయ్యి వెనక్కి విరిచి, మోకాలు ఆనించి, కట్టెపుల్ల విరిచినట్టు విరిచాడు. ఆ చప్పుడు ముందు విన్నది, నొప్పి తర్వాత తెలిసింది. కిందపడ్డాక పక్కటెముకల మీద బూట్లు. నోట్లో ఏదో గట్టిగా తగిలితే రాయి అనుకుంది, తన పన్నే. "సోమవారం నువ్వు ఏమీ చూడలేదు. అర్థమైందా? ఏమీ లేదక్కడ" అన్నాడు దున్న వంగి, చెవి దగ్గర, మెత్తగా.

తలుపు తీసిన అత్తగారు వెనక్కి వెనక్కి నడిచి వంటింట్లోకి చేరింది. పొయ్యి మీద స్నానానికి పెట్టిన నీళ్ళు మరుగుతున్నాయి. ఈసారి గిన్నెలు తోమలేదు. రెండు చేతులా గిన్నె ఎత్తి తెచ్చి వంగి ఉన్నవాడి వీపు మీద కుమ్మరించింది. దున్న పెట్టిన కేకకి వీధంతా ఉలిక్కిపడింది. రెండోవాడు ముసలావిడ మెడ పట్టుకునేలోపు అదే ఖాళీ గిన్నెతో వాడి మొహం మీద బాదింది. ముక్కు పక్కకి తిరిగిపోయింది. మూడోవాడు తలుపు తీసి పరుగు తీశాడు. తీసిన తలుపులోంచి ఇరుగుపొరుగు కర్రలతో లోపలికొచ్చేసరికి మిగిలిన ఇద్దరూ పెరటి గోడ దూకారు. అత్తగారు గిన్నె వదల్లేదు. చేతులకి బొబ్బలెక్కి, గిన్నె చెవులకి తోలు అతుక్కుపోయి ఉంది.

ఆసుపత్రిలో ఆదివారం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మంచం పక్కన నిలబడి ఆమె మొహం చూశాడు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది, పెదవికి నాలుగు కుట్లు.

"నేనే మేనేజరుకి ఫోను చేసి చెప్పానమ్మా. సర్దుకుంటారులే, గొట్టం తీసేస్తారు, గొడవ లేకుండా పోతుంది అనుకున్నాను."

"తెలుసు సార్."

"నన్ను తిట్టవేం?"

"నోరు తెరిస్తే కుట్లు ఊడతాయి సార్. రేపు సోమవారం. వస్తానన్నారు."

 ఆయన బయటికి పోయి, జిల్లా అధికారిని ఇంటి నుంచి లేపుకొచ్చి, ఆదివారం సాయంత్రానికల్లా సోదా ఉత్తర్వు రాయించాడు. అందులో తాను ఫోను చేసిన సంగతి కూడా తన చేత్తోనే రాశాడు. ఇరవై తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో కళ్ళజోడు పెట్టుకుని చేసిన సంతకం అదేనేమో.

సోమవారం పది గంటలకి పన్నెండు మంది ఎక్సైజు వాళ్ళు, నలుగురు పోలీసులు గేటు దాటారు. ఆమె వద్దన్నా వినకుండా వచ్చింది, మెడకి కట్టిన గుడ్డలో ఎడమచెయ్యి, కుడిచేతిలో తాళాల గుత్తి. బండ లేపేసరికి గొట్టం ఇంకా అక్కడే ఉంది. తియ్యడానికి వాళ్ళకి మూడు రోజులు చాలలేదు. నిండు ట్యాంకు అడుగున అతికించిన గొట్టం తియ్యాలంటే ముందు ట్యాంకు ఖాళీ చెయ్యాలి, పెద్ద కుళాయికి ఆమె తాళం ఉంది, ఆ సన్న గొట్టంలోంచి మూడు రోజుల్లో అంత స్పిరిట్టు పోదు. అప్పుడే పక్క షెడ్డులోంచి నీళ్ళు పారుతున్న చప్పుడు వినిపించింది. అవి నీళ్ళు కావు. ట్యాంకు తేలికైతే సాక్ష్యం తేలికవుతుందని, శనివారం నుంచి పోలీసులకి దొరక్కుండా ఆ షెడ్డులోనే దాక్కున్న దున్న అవతలి వైపు కుళాయి పూర్తిగా తిప్పేశాడు.

షెడ్డు తలుపు పగలగొట్టి మొదట లోపలికి దూకిన కానిస్టేబులు దవడ మీద పానా పడింది. దవడ వేలాడిపోయింది. రెండోవాడి మోకాలు చిట్లింది. వీపు నిండా కట్లతో ఉన్నా దున్న కోరలు పీకిన జంతువులా లేడు, రెట్టింపు బలంతో ఉన్నాడు. గుమ్మం దగ్గర జనంలో నురగతాత కనిపించాడు వాడికి. "నువ్వేనా రా చెప్పింది" అని అందర్నీ తోసుకుంటూ పోయి ముసలాయన భుజం మీద కొట్టాడు. మెడ కింద ఎముక విరిగి తాత గుమ్మం బయటికి కూలబడ్డాడు. మళ్ళీ ఎత్తిన పానా ఈసారి గోడ మీది స్విచ్చు పెట్టెకి తగిలింది. పెట్టె పగిలి చిటపటమని రవ్వలు రాలాయి.

స్పిరిట్టు మంట పట్టపగలు కనిపించదు. మొదట ఎవరికీ అర్థం కాలేదు. నేల మీది గాలి వణికింది, అంతే. తర్వాత దున్న పంట్లాం అంచులు నల్లగా ముడుచుకుపోయాయి. వాడు నేలని తన్నసాగాడు, ఒంటికి ఏదో పాకినట్టు చేతులతో చరుచుకోసాగాడు. మంట లేదు, పొగ లేదు, చర్మం మాత్రం ఉడికి విచ్చుకుంటోంది. వాడి కేకలు మనిషి కేకల్లా లేవు. పోలీసులు వెనక్కి ఉరికారు. సీసాలు వరసగా పేలిపోతుంటే గాజు పెంకులు మొహాలకి గుచ్చుకున్నాయి.

ఆమెకి మూడడుగుల దూరంలో సీసాలు కడిగే నీళ్ళ గొట్టం ఉంది. అలా వదిలేస్తే అర నిమిషంలో అయిపోయేది. ఆ అర నిమిషం ఆమె నిలబడే అవకాశం ఉంది, ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. నిజం చెప్పాలంటే ఒక్క ఊపిరి సేపు నిలబడింది కూడా. తర్వాత ఒంటిచేత్తో గొట్టం లాగి, కుళాయిని పాదంతో తిప్పి, నీళ్ళు వాడి మీదికి వదిలింది. మొహం మీద, ఛాతీ మీద, కాళ్ళ మీద. వాడు పడిపోయాక కూడా ఆపలేదు. నీళ్ళు కలిసేకొద్దీ స్పిరిట్టు పలచబడి మంట చచ్చిపోయింది. ఇన్‌స్పెక్టరు దగ్గుతూ వచ్చి, "కాపాడావా వీణ్ణి" అన్నాడు నమ్మలేనట్టు.

"వీడు పోతే మేనేజరు తలూపిన సంగతి తాత ఒక్కడు చెప్తే ఎవరు నమ్ముతారు సార్" అంది.

దున్న ఆసుపత్రిలో మూడు నెలలు పడుకుని, నాలుగో నెలలో అంతా చెప్పాడు. మేనేజరు తనకి వకీలును పెట్టలేదని తెలిశాకే నోరు విప్పాడు. కేసు రెండేళ్ళు నడిచింది. కర్మాగారం యజమాని పేరు మొదట చార్జిషీటు పైన ఉంది, తర్వాత కిందికి జారింది, చివరికి కనిపించలేదు.

ఆమె సాక్ష్యం చెప్పిన రోజు కోర్టు గది కిక్కిరిసి ఉంది. మేనేజరు వకీలు లేచాడు.

"మీ భర్త మిమ్మల్ని కొట్టేవాడు. అవునా?"

"అవునండి."

"కడుపు పోయేలా తన్నాడు."

"తన్నాడు."

"పోతే మీరు ఏడవలేదు. ఆయన ఉద్యోగం మీకొచ్చింది. ఆయన చావు వల్ల మేలు జరిగింది మీకే. మరి ఈ కేసు మీద మీకెందుకమ్మా ఇంత పట్టుదల?"

ఆమె మేనేజరు వైపు తిరిగింది. జడ్జి తలెత్తి చూశాడు.

"నన్ను కొట్టాడని ఈ పెద్దమనిషి వాణ్ణి చంపలేదండి. తాళం కింద గొట్టం ఉందన్నందుకు చంపించాడు. వాడు నా చేతిలో చచ్చుంటే నేనే ఆ బోనులో నిలబడి ఒప్పుకునేదాన్ని. వాడి వేళ్ళు నేను కడిగానండి. తాగడని తెలుసు, పడలేదని తెలుసు. తెలిసీ ఏడాది పైన నోరు మూసుకున్నాను, నాకు హాయిగా ఉంది కాబట్టి. అది నా తప్పు, రాసుకోండి. ఈయన తప్పు కూడా రాసుకోండి."

తర్వాత అత్తగారిని పిలిచారు. కొడుకు మంచివాడని చెప్పించాలని ఒకరికి, చెడ్డవాడని చెప్పించాలని ఇంకొకరికి ఉంది. ముసలావిడ బోను కర్ర పట్టుకుని నిలబడింది. చేతుల మీద బొబ్బల మచ్చలు తెల్లగా మెరుస్తున్నాయి. "నా కోడల్ని వాడు కొట్టినప్పుడల్లా నేను వంటింట్లోనే ఉన్నాను. అన్నీ విన్నాను. ఒక్కసారీ బయటికి రాలేదు" అంది. అడగనిదానికి జవాబు అది. 

దున్నకీ మేనేజరుకీ యావజ్జీవం పడింది. నురగతాత భుజం అతుక్కుంది గానీ కర్ర తిప్పడానికి పనికిరాలేదు. కర్మాగారం ఆరు నెలలు మూతపడి, వేరే మేనేజరుతో మళ్ళీ తెరుచుకుంది. ఆమెని అక్కడే ఉంచారు. పనివాళ్ళు ఇప్పుడు కూడా తాళాలమ్మ అనే పిలుస్తారు, కాకపోతే వెనకాల కాదు, ఎదురుగానే. చలికాలం వస్తే ఎడమచెయ్యి మోచేతి దగ్గర లాగుతుంది. కొలబద్ద కుడిచేత్తోనే దించుతుంది.

తీర్పు వచ్చిన వారానికి, ఒక ఉదయం అన్నాలు తింటుండగా, అత్తగారు గోడ మీది కొడుకు ఫొటో వైపు చూసి, "తీసెయ్యమంటావా అమ్మాయ్" అంది. 

ఆమె ముద్ద మింగి చెప్పింది. "కొడుకు కదా అత్తయ్యా. మీ గదిలో పెట్టుకోండి. నేను తినే చోట వద్దు."

ముసలావిడ లేచి, స్టూలు వేసుకుని, ఫొటో దించింది. మేకు మాత్రం గట్టిగా పాతుకుపోయి రాలేదు. ఆమె ఎంగిలిచెయ్యి కడుక్కుని వచ్చి స్టూలు పట్టుకుంది, ముసలావిడ పడిపోకుండా.